రెండించుల నీళ్ళు

గాలిలోంచి నీళ్ళు పిండే స్తంభాలు వచ్చాక అనంతపురం తోటల్లో కుళాయిలకు మాటలొచ్చాయి. కుళ్ళాయప్ప మాత్రం బోర్ల కాలపు కొలత వదల్లేదు. కింద సన్నగా, పైన వెడల్పుగా కోసిన రేకు గాడిలో నీరు ఎంత ఎత్తున పారితే అన్ని ఇంచులు. అతని చీనీ, అంటే బత్తాయి, తోటకు రెండించులు.

మొన్నటి దుమ్ముగాలికి ఆ వరసలో అతని స్తంభమొక్కటే నిలిచింది. కొత్తవి వచ్చేలోగా పక్క తోటలు ఎండిపోతాయి.

“నాకొక ఇంచి, పక్క తోట సుంకమ్మక్కకొక ఇంచి పంచప్పా. సగం సగం,” అన్నాడు కుళాయితో. అంతకుమించి పంచితే ఎవరికీ చాలదనుకున్నాడు.

“ఇంచి సగం కాదు తాతా. రెండించులంటే నిమిషానికి నలభై ఎనిమిది లీటర్లు. ఒక ఇంచంటే ఎనిమిదిన్నరే. గాడి పైన వెడల్పు కదా!”

“అంత కొంచెంతో నా చెట్లు బతుకుతాయా?”

“బతుకుతాయి. ఈసారి కాపు తగ్గుతుంది.”

“మిగిలిండే నీళ్ళు?”

“ఇంకో మూడు తోటలకు ఇంచి చొప్పున వస్తాయి.”

కుళ్ళాయప్ప గట్టు మీదికి పరుగెత్తాడు.

“సుంకమ్మక్కా, అందర్నీ పిలువు! నా రెండించుల్లో అయిదు తోటలుండాయంట!”