గేటు దాకా తెల్లగీత

ఉల్కకు అన్నిటికన్నా భయం వాకిట్లోని బావి. దాని గట్టు జానెడే. కూతురు ఓవీకి కొత్తగా పరుగొచ్చింది.

"మళ్ళీ స్తంభానికి కట్టేశావా? పిల్లా, మేకపిల్లా?" కొబ్బరి కోరుతూ అంది అత్తగారు.

"విప్పితే తిన్నగా బావి దగ్గరికే, ఆయీ!"

పదకొండో క్లాసు చదివే ఆడపడుచు కేతకి పుస్తకం మూసింది. "నీ భయానికి ఇందులో లెక్కుంది వదినా. బావి ఒక బిందువు. అరుగు అంచు ఒక గీత. రెంటికీ సమానదూరంలో ఉన్న చోట్లన్నీ కలుపుదాం. దానికి ఇవతల ఉన్నంతసేపూ పాప బావికన్నా అరుగుకే దగ్గర."

"తొమ్మిదితో బడి మానేసినదాన్ని. గీసి చూపించు."

అరుగు నుంచి బావికి పన్నెండు అడుగులు. సరిగ్గా మధ్యలో కేతకి సున్నా పెట్టింది. రెండు దూరాలూ సమానమని పుల్లతో మట్టిలో రాసి, వర్గాలు చేసి, రెండువైపులా ఉన్నవి కొట్టేసింది. ఎక్స్ స్క్వేర్ ఈక్వల్ టు ఇరవై నాలుగు వై.

ఆ లెక్క ప్రకారం ఉల్క ముగ్గుపిండి పోసుకుంటూ పోయింది. బావికి అటూ ఇటూ చేతులు చాచినట్టు గీత సాగింది.

"ఇది ఎక్కడ కలుస్తుంది?"

"పరావలయం కదా, కలవదు. విడిపోతూనే ఉంటుంది."

"మరెక్కడ ఆపను?"

"పిండి అయిపోయిన చోట!"

గేటు దగ్గర అయిపోయింది.

"అయ్యో, మీ ఆబాకి నీళ్ళగది దారిలో చెరిగిపోతున్న గీత మళ్ళీ గీయడానికి దాచుకున్న పిండే అది!" అత్తగారు తల పట్టుకుంది. "మీ మామగారి కళ్ళకి తెలుపు తప్ప ఏదీ ఆనదని తెలుసుగా!"

ఉల్క పాపను విప్పింది. ఓవీ పరుగెత్తి, గీత దగ్గర చతికిలబడి, పిండిలో వేలు పెట్టి నవ్వింది. ఉల్క అరుగు మీద కూర్చుని వేడి భాకరీ రొట్టె తుంచింది, పాప మీంచి చూపు తిప్పకుండా.

"ఏమండీ, నీళ్ళు కాగాయి!" అత్తగారు కేకేసింది.

మామగారు తువ్వాలు భుజాన వేసుకుని, కర్ర ఆనించుకుంటూ రోజూ పోయే గీత వెంట వెళ్ళారు.

నీళ్ళు చల్లారిపోయాయి. నీళ్ళగదిలో ఎవరూ లేరు. రెండు గీతలు కలిసిన చోట కర్ర గుర్తులు కొత్త గీతకు మళ్ళి, గేటు దాటేశాయి. అక్కణ్ణుంచి బస్సులు తిరిగే రోడ్డు. దాని అంచున, కనుచూపు మేరా తెల్లగీత.

ఆ రోడ్డు పక్కన మీరుంటే, భుజాన తువ్వాలుతో ఓ పెద్దాయన నడిచి వస్తున్నారేమో ఒక్కసారి చూడండి.