పేరు లేని చీటీ

"చీటీ మీద పేరు రాయకండి. చేసిన తప్పు మాత్రం రాయండి," అంది రేవతి, ఖాళీ చాక్‌పీసుల డబ్బా బల్ల మీద పెడుతూ.

మురమళ్ళలోని ఆ ప్రైవేటు స్కూల్లో పద్నాలుగు మంది టీచర్లూ కాపీ కొడతారని భయపడే పిల్లల్లా చేతులు అడ్డం పెట్టుకుని రాశారు. కులం తేడా చూపకుండా పాఠం చెప్పడం ఎలాగో నేర్పడానికి రేవతి అమలాపురం నుంచి వచ్చింది. వస్తూనే, "పిల్లల్ని ఇంటిపేరు, పేట అడగడం ఈ రోజుతో మానేద్దాం," అంది. నారాయణమూర్తి మేస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. ముప్పై ఏళ్లుగా ఆయన కొత్తవాళ్లని అడిగే మొదటి ప్రశ్న అదే మరి! తెలుగు టీచర్ తులసిని మాత్రం అడగలేదు. పద్ధతి చూసి మావాళ్లమ్మాయేనని తేల్చేసి, తన మేడ మీద వాటా అద్దెకి కూడా ఇచ్చారు.

రేవతి చీటీలు చదవసాగింది. ఒకరు స్కాలర్‌షిప్పు ఫారాలప్పుడు కులం పేరు పెట్టి పిల్లల్ని లేపారు. ఒకరు ఊడ్చే పని ఎప్పుడూ ఒకే పేట పిల్లలకి చెప్పారు. ఇవన్నీ చిన్నవని మనం అనుకోవడమేగాని, లేచి నిలబడ్డ పిల్లలకి చిన్నవి కావు.

తర్వాతి చీటీకి ఆమె గొంతు తగ్గింది.

"ఒకావిడ ఎండన పడి మన స్కూలు గేటు దగ్గరికి వచ్చింది. చూస్తేనే ఏ పేట మనిషో తెలిసిపోతుంది. లోపలికి రానివ్వలేదు. వాచ్‌మన్ చేత పేపరు కప్పులో మంచినీళ్లు ఇప్పించాను. ఎవరని అతను అడిగితే, పనికోసం వచ్చిందిలే అన్నాను. ఆవిడ విన్నది. తాగిన కప్పు ఎక్కడ పడెయ్యాలో తెలియక చేత్తో పట్టుకునే వెళ్లిపోయింది."

అందరి చూపూ మెల్లగా నారాయణమూర్తి వైపు తిరిగింది.

"నన్ను చూస్తారేంటండీ? అది నాది కాదు!" అన్నారాయన. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుని, తల దించుకునే అన్నారు. "నాది కాదండి, ఒట్టు. కానీ ఇలాంటివి నేనెన్ని చేసేనో నాకే గుర్తు లేదు. సిగ్గుగా ఉందండి. ఆవిడెవరో చెప్పండి, నేనెళ్లి క్షమించమని అడుగుతాను."

"ఆయ్, నేనూ వస్తానండి," అంది లెక్కలు చెప్పే దివ్య.

"రాసినవాళ్లు చెబితేనే కదండీ తెలిసేది," అంది రేవతి. "బలవంతం లేదు. కానీ ఆ మాట ఆవిడింకా మోస్తూనే ఉంటుంది."

తులసి లేచి నిలబడింది. సిగ్గుతో తలెత్తలేకపోయింది. "చీటీ నాదండి."

నారాయణమూర్తి నమ్మలేనట్టు చూశారు. "నువ్వా తల్లీ? పోనీలే, అందరం చేసేం. మన ఇళ్లల్లో పెంపకం అలాంటిది. రేపు ఇద్దరం కలిసి వెళ్దాం. ఆవిడ ఇల్లు తెలుసా?"

"తెలుసండి. రాజోలు అవతల."

"అంత దూరం నుంచి ఏం పనిమీద వచ్చిందో, పాపం!"

"నాకు జ్వరమొచ్చి తగ్గిందని తెలిసి, చూసి పోదామని వచ్చిందండి."

"నీకు జ్వరమైతే ఆవిడకెందుకమ్మా?"

తులసి మొదటిసారి ఆయన కళ్లలోకి చూసింది.

"ఆవిడ మా అమ్మండి."