ముప్పైమందికి లెక్క

"ముప్పైమంది పిల్లలండీ. తలా రెండు ముక్కలు. ఒక్కోదానికి ఎనిమిది ముక్కలంటే ఎన్ని పిజ్జాలు చెప్పమంటారు?"

కుట్టు యూనిట్‌లో మధ్యాహ్నం విరామం అరగంటే. ఆమె మెట్ల మీద కూర్చుని, చెప్పులు విప్పి, పాదాలు ఒత్తుకుంటూ ఫోన్లో మాట్లాడుతోంది. పొద్దుటి నుంచి నిలబడే ఉంది.

"లెక్క ప్రకారం ఎనిమిదమ్మా," అంది పిజ్జా షాపులో ఫోనెత్తినావిడ.

"పిల్లల వెంట పెద్దవాళ్ళూ వస్తారు. పది రాసుకోండి. రేపు నాలుగింటికి."

అడ్రసు చెప్పింది.

"ఏం ఫంక్షనమ్మా?"

"మా పాప పుట్టినరోజు. పార్కు వెనక బడి లేదూ, అందులో మూడో తరగతి. క్లాసంతా వస్తున్నారు."

అవతల పెన్ను గీతల చప్పుడు ఆగింది.

"వస్తామని ఎంతమంది చెప్పారమ్మా?"

"అందరికీ కార్డులిచ్చాం."

"కార్డులిచ్చినవాళ్ళు కాదమ్మా, వస్తామన్నవాళ్ళు."

ఆమెకి ఒళ్ళు మండింది.

"రాకుండా ఎక్కడికి పోతారు?"

"మూడు చెప్పండి. చాలకపోతే ఒక్క ఫోన్ కొట్టండి. ఇరవై నిమిషాల్లో పంపించే పూచీ మాది."

"మూడా! మా ఇంటికెవరూ రారనా మీ ఉద్దేశం?"

"అయ్యో, అలా కాదమ్మా…"

"మరెలా?"

ఆవిడ తడబడింది. "ఏం లేదమ్మా. మిగిలిపోతే చూసి బాధపడతారని."

ఆమె ఫోన్ పెట్టేసింది.

ఈ ఊరొచ్చి రెండు నెలలు. బడి నుంచి వచ్చిన పాప ఇప్పటిదాకా ఇంట్లో ఒక్క స్నేహితురాలి పేరెత్తలేదు. క్లాసులో ఓ మూలన ఒక్కతే కూర్చుని అన్నం తింటుందని టీచర్ చెప్పింది. రేపు ముప్పైమందిలో ఒక్కరు దగ్గరైనా చాలనే ఈ హడావుడంతా.

ఆ భయం మీదే వేలు పెట్టింది ఆ మనిషి.

పనిలోకి వెళ్ళేముందు మళ్ళీ ఫోన్ చేసి మేనేజర్ని పిలవమంది.

"మీ దగ్గర ఫోన్లెత్తేవాళ్ళకి ఆర్డరు తీసుకోవడం రాదా? నాకేదో తాహతు లేనట్టు మాట్లాడింది."

"క్షమించండి మేడమ్. ఆవిడ ఆర్డర్లు తగ్గించి చెబుతోందని ఇదివరకే ఒకసారి హెచ్చరించాను. ఇక మీకా ఇబ్బంది ఉండదు. మీ పదీ నేనే రాసుకున్నాను."

ఆ రోజు మొత్తానికి ఆమె మాట నెగ్గింది అక్కడొక్కచోటే.

మర్నాడు నాలుగింటికి పది పెట్టెలూ వచ్చాయి.

నాలుగున్నరైంది. పిల్లలు రాలేదు.

పాప కొత్త గౌను నలగకుండా కుర్చీ అంచున కూర్చుంది. లిఫ్ట్ చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూస్తోంది.

"ఆ పెట్టెలు పేర్చితే ఇంకో గది లేచేట్టుందే," అంది అత్తగారు.

"మీరూరుకోండత్తయ్యా."

"ఊరుకోక ఏం చెయ్యను? నాకున్నవి నాలుగు పళ్ళు. వాటితో పది పిజ్జాలు నమలమంటావా?"

మామూలప్పుడైతే ఇద్దరూ నవ్వేవాళ్ళే.

ఐదవుతుండగా పాప అడిగింది. "అమ్మా, గౌను మార్చేసుకోనా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగింది.

అప్పుడు మోగింది కాలింగ్ బెల్.

గుమ్మంలో రెండు జడల పిల్ల. దాని వెనక ఇద్దరు చిన్న చెల్లెళ్ళు.

"ఆలస్యమైంది. చిన్నదానికి జడలెయ్యడం కుదర్లేదు. ఒక్కచోట నిలబడదు," అంది రెండు జడల పిల్ల పెద్దమనిషిలా.

పాప కుర్చీ దిగింది.

తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. దుప్పట్లు కుర్చీల మీదికెక్కి గుడారాలయ్యాయి. అత్తగారు మంచం కింద దాక్కుని, లేవలేక, నలుగురి చేతా లాగించుకుంది. చిన్నది ముక్క మీది చీజ్‌ని నూడుల్స్‌లా సాగదీసి గోడకంటించింది. ఎవరూ తిట్టలేదు.

"సోమవారం నా పక్కన కూర్చుంటావా? నా పక్కనమ్మాయి బడి మారిపోయింది," అని రెండు జడల పిల్ల పాపని అడగడం ఆమె వంటింట్లోంచి విన్నది. గోడకి ఆనుకుని కాసేపలాగే ఉండిపోయింది. పొద్దుటి నుంచి కాళ్ళ నొప్పులున్న సంగతి అప్పుడు తెలిసింది.

పిల్లలు వెళ్తుంటే అడిగింది. "మిగతావాళ్ళెవరూ రాలేదేమ్మా?"

"అందరూ స్విమ్మింగ్ పూల్ పార్టీకి వెళ్ళారాంటీ. మా క్లాసబ్బాయిదే. అమ్మల గ్రూపులో వారం నుంచీ అదే గోల."

ఆ గ్రూపులో ఆమెనెవరూ చేర్చలేదు.

"మరి నువ్వెళ్ళలేదే?"

"వెళ్తానని ఏడ్చాను కూడా. అమ్మే ఒప్పుకోలేదు. ఇక్కడికి వెళ్ళాల్సిందేనంది. చెల్లెళ్ళని కూడా తీసుకెళ్ళమంది, ఎక్కువమంది ఉన్నట్టుంటుందని."

ఆమె గుమ్మంలోకొచ్చి లిఫ్ట్ వైపు చూసింది.

"అమ్మేదీ?"

"కింద గేటు దగ్గర నిలబడింది."

"అయ్యో, ఇంతసేపూ కిందనా! పైకి రమ్మను. ఆవిడ చేతులు పట్టుకుని చెప్పాలి నేను."

"రాదాంటీ. 'ఆవిడ నా గొంతు గుర్తుపడుతుంది, మంచి రోజు పూట ఎందుకూ' అంది."

"నాకు తెలిసినావిడా?"

"ఏమో ఆంటీ," అంది పిల్ల వంగి చెల్లెలి చెప్పులు తొడుగుతూ. "రోజూ అయితే పిజ్జా షాపులో ఫోన్లెత్తే పనుండేది, నిన్న సాయంత్రం నుంచి రావద్దన్నారట, అందుకే ఇవాళ మమ్మల్ని తీసుకురావడానికి తీరింది."