మందు పొట్లం మీద సూర్యుడు

"నా పొట్లాల మీద గీ బొమ్మలేంది?"

దవాఖాన గేటు దగ్గర బాబురావు గొంతు చించుకున్నాడు.

గోనెపట్టా మీద కూర్చున్న ముసలామె తలెత్తింది. చేతిలో ఎరుపు, నీలం కొనల పెన్సిల్. చదువురాని రోగులకు మందు పొట్లాల మీద బొమ్మలు గీసిస్తుంది కాబట్టి అందరూ ఆమెను బొమ్మలమ్మ అంటారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

బాబురావు రిక్షా మాట్లాడి వచ్చేలోపు అతని తల్లి కొమురమ్మ మందుల చిట్టీ, పొట్లాలు ఆమె ముందు పెట్టి బొమ్మలు గీయించుకుంది.

"ఇది గుండె మాత్ర బిడ్డా. పొద్దున ఒక్కటే. అందుకే ఒక్క సూర్యుడు. ఇది నొప్పులది. మూడు పూటలు. మూడు బువ్వ గిన్నెలు" అంది ముసలామె. "రెండూ తెల్లగనే ఉన్నయ్. మారితే పానం పోతది."

"చిట్టీ సీదా పట్టుకున్నవా, తలకిందులా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ముసలామె నవ్వలేదు. "మందు పెట్టేదెవరు బిడ్డా?"

"నా భార్య."

"ఆమెకు చదువొచ్చా?"

బాబురావు తన వంశంలో మొదటి మెట్రిక్. సర్కారు కంపెనీలో గుమాస్తా. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. చదువొచ్చినా అంతే.

"రాకేంది? గడగడ చదువుతది!"

పచ్చి అబద్ధం. అతని భార్య రాజమణిది వేలిముద్ర.

అడక్కూడనిది అడిగిందని అతనికి ఒళ్లు మండింది. "చౌకీదార్! దీన్ని ఎల్లగొడ్తవా, పెద్ద డాక్టర్‌కు అర్జీ రాయమంటవా?"

అర్జీ అనగానే చౌకీదారు భయపడ్డాడు. పెన్సిల్ లాక్కుని విరిచాడు. గోనెపట్టా రోడ్డు మీదికి విసిరాడు. అది లాగినప్పుడు ముసలామె పక్కకు పడింది. ఎవరూ లేపలేదు.

లేచి, మోచేయి దులుపుకుంటూ ఒక్క మాటే అంది. "పొట్లాలు మార్చకు బిడ్డా."

కార్వాన్‌లోని ఇంటికి రాగానే బాబురావు చేసిన మొదటి పని అదే. పాత పొట్లాలు చించేశాడు. మాత్రలు కొత్త తెల్లకాగితాల్లో కట్టి, మీద ఇంగ్లీషులో అందంగా రాసి, గోడ అరలో పక్కపక్కన పెట్టాడు.

"గా బొమ్మలుంటే నాకు సమజైతుండె" అంది రాజమణి.

"మెట్రిక్ చదివినోని ఇంట్ల బొమ్మలా? ఎవరన్న చూస్తే ఇజ్జత్ పోతది. కుడిదిక్కుది పొద్దుగాల ఒక్కటి. ఎడమదిక్కుది మూడు పూటలు. గంతే."

మర్నాడు అతను డ్యూటీకి వెళ్లాక రాజమణి అర తుడిచింది. పొట్లాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది.

ఏది కుడి? ఏది ఎడమ? కాగితాలు తిప్పి తిప్పి చూసింది. రెండూ ఆమెకు ఒక్కలాగే ఉన్నాయి.

పక్కింటివాళ్లను అడిగితే చదువు రాదని తెలిసిపోతుంది. మొగుణ్ణి అడిగితే వీపు చిట్లుతుంది. పాపం, దేవుడికి దండం పెట్టి ఒక పొట్లం విప్పింది.

మూడోనాటికి కొమురమ్మకు వాంతులు మొదలయ్యాయి.

"అంతా పచ్చపచ్చగ కనిపిస్తున్నదే రాజమణీ. గోడలు గిట్ల పసుపు పూసినట్టున్నయ్."

"మాత్ర ఏసుకో అత్తమ్మా, తగ్గుతది" అంది రాజమణి. వేసింది.

అయిదోనాడు రిక్షాలో దవాఖానకు తీసుకెళ్తుంటే, పురానాపూల్ వంతెన దాటకముందే కొమురమ్మ ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం బాబురావు పొట్లాలు విప్పి చూశాడు. గుండె మాత్రలు అయిపోవచ్చాయి. నొప్పుల మాత్రలు దాదాపు అట్లాగే ఉన్నాయి. అతనికి అంతా అర్థమైంది. అయినా చుట్టాలందరి ముందు భార్య చెంప పగలగొట్టాడు.

"అక్షరం రానిదాన్ని కట్టుకుంటే గిట్లనే అయితది!"

పదకొండు రోజుల తర్వాత చావు కాగితం కోసం దవాఖానకు వచ్చాడు. గేటు దగ్గర ముసలామె లేదు. పొట్లాలు పట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్లు ఆమె కోసం దిక్కులు చూస్తున్నారు.

మందు మారి తల్లి పోయిందని చెబితే, కంపౌండర్ కైలాసం కాగితం రాస్తూ అడిగాడు. "మందు ఎట్ల మారింది?"

"గేటు కాడ బొమ్మలు గీసే ముసల్ది లేదా? దాని గీతల్తోనే మా అమ్మ పోయింది" అన్నాడు బాబురావు, కళ్లు తుడుచుకుంటూ. "అక్షరం ముక్క రానిది మందులు ముట్టొచ్చునా?"

కైలాసం కలం కింద పెట్టాడు.

"ఎవడో చదువుకున్నోడు ఎల్లగొట్టిచ్చిండట. మళ్ల రాలే. ఏడున్నదో తెల్వదు."

"మంచిగైంది."

"ఆమెకు అక్షరం రాదా? నాకు చిట్టీ చదువుడు నేర్పిందే ఆమె. ఒకప్పుడు ఇదే దవాఖానల పెద్ద నర్సు, రాహేలమ్మ" అన్నాడు కైలాసం. "ఒకనాడు ఒక తల్లికి పొట్లం మీద అందంగ ఇంగ్లీషుల రాసిచ్చింది. చదువురాని ఆ తల్లి మందు మార్చిపెట్టి పిల్ల చచ్చిపోతే, తెల్లారే ఈమె నౌకరి ఇడిసిపెట్టి పెన్సిల్ పట్టుకొని గేటు కాడ కూసున్నది."