పలక మీద బొట్టు

సోలార్ పలక నడుమ అరచేతి వెడల్పున పసుపు, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ.

ప్రతి శుక్రవారం భీమమ్మ పెట్టేదే.

చేలో ఉన్న పన్నెండు పలకల్లో భర్త బుచ్చన్న చివరగా దగ్గరుండి బిగింపించింది అదే. ఆ వారంలోనే గుండె ఆగి పోయాడు. అప్పటి నుంచి తన నుదుటికి లేని బొట్టు దానికి పెడుతోంది.

వనపర్తి పక్క ఊరు. రెండెకరాల పల్లిచేనులో కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగుతున్నాయి. ఇప్పుడు తడి తప్పితే కాయ పట్టదు.

ఆ పలకలతో నడిచే బోరు నీళ్లేమో రోజురోజుకూ సన్నబడ్డాయి. మధ్యాహ్నమైతే మరీ. ఎండ ముదిరే కొద్దీ మోటారు ఎందుకు మొరాయిస్తుందో ఆమెకు అంతుబట్టలేదు. పలకకు కోపమొచ్చిందనుకుని పసుపు ఇంకాస్త మందంగా పూసింది.

మన మొక్కులన్నీ ఇంతే. ఫలించకపోతే రెట్టింపు చేస్తాం.

మెకానిక్ శ్రవణ్ కుమార్ వచ్చి మీటరు పెట్టి చూశాడు. వేడికి ప్రతి పలకా కొంత నీరసిస్తుందనీ, అది మామూలేననీ చెప్పాడు. బొట్టున్న పలకను వెనుక నుంచి తాకి, చెయ్యి చటుక్కున తీసేశాడు.

"గీ పలకంత చిన్న చిన్న బిళ్లలే. ఎండ తగలని బిళ్ల కరెంటు పుట్టియ్యదు పెద్దమ్మా. పక్క బిళ్లల కరెంటుకు గూడ అడ్డం పడ్తది. గట్ల అడ్డం పడే కాగి మాడుతది. గీ పసుపు తుడువాలె."

తడిగుడ్డ తెచ్చాడు.

భీమమ్మ పలకను చూసింది. చేను వైపు చూసింది. ఆకులు అప్పటికే ముడుచుకున్నాయి.

తుడవనా అని అతను అడిగాడు.

"వద్దు బిడ్డా. పదోనాడు నా బొట్టు నలుగురు పట్టుకొని తుడిసిండ్రు. దీనిది నేనే తుడుస్త."

తుడిచింది. ఏడుపు ఆగలేదు, చెయ్యీ ఆగలేదు.

పసుపు పోయింది. గాజు కింద గోధుమరంగు మచ్చ మిగిలింది. మచ్చ ఇక పోదనీ, పలక మాత్రం ఇంకొన్నాళ్లు పనిచేస్తుందనీ శ్రవణ్ కుమార్ అన్నాడు.

పైపులో ధార లావెక్కింది.

భీమమ్మ ఆ గుడ్డతోనే ముఖం తుడుచుకుని, పార అందుకుని మడి వైపు నడిచింది.

ఆమె నుదుట కుంకుమ అంటింది.

శ్రవణ్ కుమార్ చూశాడు. చెప్పలేదు.