నల్ల చాయ్

దీప చేతిలోని గ్లాసును శాంత లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టింది. నల్ల చాయ్ ముగ్గు మీద పారింది. అన్నం పళ్లెం ముందు కూర్చున్న పదకొండేళ్ల దీప, ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

"పిల్లకు అన్నంలకు చాయ్ వోస్తవా? నువ్వు తల్లివేనా అలేఖ్యా?"

"గ్లాసెందుకు పారేసినవక్కా?" అంటూ అలేఖ్య లేచి నిలబడింది. నాలుగు నెలల కిందటే చందుర్తి నుంచి కోరుట్లకు వచ్చి ఆ వాడలో అద్దెకు దిగింది. వాకిట్లో బీడీలు చుడుతున్న ఆడవాళ్లు ఆకు కత్తిరించడం ఆపి ఇటే చూస్తున్నారు.

శాంత ఆ వాడకు ఏఎన్‌ఎం, ఇంటింటికీ తిరిగే సర్కారు నర్సు. రెండో శనివారం, పిల్లలు ఇళ్లలోనే ఉంటారని రక్తపరీక్షలకు బయల్దేరింది. సంచిలోంచి చిన్న మిషన్ తీసి, దీప వేలికి సూది గుచ్చి, చుక్క రక్తం పట్టీ మీద పెట్టింది. అంకె చూడగానే ఆమె నొసలు ముడిపడింది.

"రక్తం ఏడున్నర! పదకొండు దాటాల్సిన పిల్లకు ఏడున్నర! మొఖం జూడు, ఎట్ల పాలిపోయిందో. చాయ్‌ల వగరుంటది సూడు, అది తిండిల ఉన్న ఇనుమును గట్టిగ పట్టుకుంటది. ఒంటికి పట్టనియ్యది. నువ్వు ఆకుకూర వెట్టినా, గుడ్డు వెట్టినా ఇనుమంత అట్లనే బయటికి వోతది. ఇగో, ఈ ఇనుము గోలీలు వెయ్యి. గీ చాయ్ బంద్ వెట్టు."

అలేఖ్య ఒకసారి వాకిట్లో ఉన్నవాళ్ల వైపు, ఒకసారి కూతురి వైపు చూసింది. గోలీల అట్టను తిరిగి శాంత సంచిలోనే పెట్టేసింది.

"గోలీలు వద్దు. చాయ్ బంద్ వెట్ట."

"ఎందుకు వెట్టవ్?"

"నా బిడ్డ సంగతి నాకెరుక. నువ్వు పో అక్కా."

అంతటితో ఆగలేదు. లోపలికి వెళ్లి మరో గ్లాసు చాయ్ తెచ్చి దీప పక్కన పెట్టింది. దీప కిక్కురుమనకుండా తాగేసింది.

శాంతకు ఒళ్లు మండిపోయింది. తల్లి మొండిదైతే పిల్లను వదిలేస్తామా అనుకుంది. సోమవారం ఇంటర్వెల్ వేళకు బడికి పోయి, దీపను వరండా చివరికి పిలిచింది.

"ఇది మింగు బిడ్డా. అమ్మకు జెప్పకు."

దీప గోలీని చూసింది, శాంతను చూసింది. నోట్లో వేసుకుని సీసాలోని నీళ్లు తాగింది. శాంత సంబరపడి ఆమె చేతిలో ఒక పల్లిపట్టీ పెట్టింది. అలా సోమవారం ఒకటి, గురువారం ఒకటి. ఆరు వారాలు గడిచాయి.

ఆ మరుసటి సోమవారం మళ్లీ వేలికి సూది గుచ్చింది. ఏడున్నర. వీసమెత్తు పెరగలేదు.

అంతా ఆ చాయ్ పనే! శాంత నేరుగా అలేఖ్య ఇంటికి పోయింది.

"నీకు తెల్వకుంట నీ బిడ్డకు పన్నెండు గోలీలు మింగిపిచ్చిన. అయినా రక్తం వెరుగలే. అంత నీ చాయే తింటున్నది!"

అలేఖ్య చేతిలోని చాట జారిపడింది. శాంతను రెక్క పట్టుకుని లోపలి గదిలోకి లాక్కుపోయి తలుపు వేసింది. బీరువాలో చీరల కింది నుంచి ఒక ఫైలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

"సదువు."

మొదటి కాగితం మీదే పెద్ద అక్షరాలతో ఉంది, తలసీమియా అని. దాని కింద ఎర్ర సిరాతో: 'ఐరన్ ఇవ్వకూడదు.'

"ఇనుము తక్కువై కాదక్కా దానికి రక్తం తక్కువుండుడు. పుట్టుకతోనే దానికి రక్తం సరిగ తయారుగాదు. ఇనుమేమో తిన్నకాడికి ఒంట్లెకు గుంజుకుంటనే ఉంటది. గుండెల, కాలేయంల పేరుకపోతదట. అన్నంలకు నల్ల చాయ్ తాగిపియ్యుమన్నది డాక్టరే. నువ్వు జెప్పిన వగరే, ఆ ఇనుమును వట్టుకొని బయటికి కొంచవోతదని."

శాంత ఫైలు మూసింది. "గా దినమే నాకు చెప్పవద్దా?"

"వాకిట్ల అందరి ముంగట, దాని ముంగట ఎట్ల జెప్పాలె? దానికి తెల్వదక్కా. చాయ్ తాగితె సదువు మంచిగొస్తదని చెప్పిన. ఉన్నదున్నట్టు చెప్తె బెదురుతదని..." అలేఖ్య ఏడుస్తూనే ఫోన్‌లో డాక్టర్ నంబరు వెతుకుతోంది. "పన్నెండు గోలీలా అక్కా?"

శాంత స్కూటీ మీద బడికి ఎలా పోయిందో ఆమెకే తెలియదు. టీచర్‌కు చెప్పి దీపను వరండాలోకి తీసుకొచ్చింది. ఆ పిల్ల భుజాలు పట్టుకుంది.

"కడుపుల ఏమన్న నొస్తుందా బిడ్డా? నాదే తప్పు. ఆ గోలీలు నీకు ఇయ్యద్దుండె. డాక్టర్ దగ్గరికి పోదాం పా."

దీప అటూ ఇటూ చూసింది. క్లాసులోకి వెళ్లి జామెట్రీ బాక్సు తెచ్చి, అందులోని కాగితం పొట్లం విప్పింది. రంగు కరిగి మచ్చలు పడ్డ గోలీలు. శాంత ఒక్కొక్కటే లెక్కపెట్టింది. పన్నెండు.

"దవుడకు వెట్టుకొని నీళ్లు తాగేదాన్ని. మీరు పోంగనే తీసేదాన్ని. వద్దంటె మల్ల అమ్మతోని లొల్లి వెట్టుకుంటరని..."

శాంత గోడకు చేరబడి గట్టిగా ఊపిరి వదిలింది.

"ఇవి మింగద్దని నీకెట్ల తెలుసు బిడ్డా?"

"పోయినేడే ఫైలు సదివిన." దీప దగ్గరికి జరిగి ఆమె చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసని అమ్మకు జెప్పకుండ్రి ఆంటీ, బెదురుతది."