వాన చప్పుడు

"ఎవరండీ మీరు? చివరి వరసలో కూర్చుని ఆ కోతి చేష్టలేంటి?"

టీచరమ్మ గొంతు హాలంతా మోగింది. వేదిక మీద ఏడో తరగతి పాప మాట మధ్యలో ఆగిపోయింది.

చివరి వరసలోని పెద్దమనిషి చేతులు గాల్లోనే నిలిచిపోయాయి.

"మేడమ్, నేను..."

"చిన్నపిల్ల మాట్లాడుతుంటే వెక్కిరిస్తారా? ఇంత వయసొచ్చి సిగ్గు లేదూ!"

నిజానికి ఆవిడ అంత మొరటు మనిషి కాదు. వక్తృత్వ పోటీ రేపే. ఈ పిల్లేమో నోట్లో మాట నోట్లోనే మింగేసే రకం. నలుగురి ముందు నిలబెడితే బిక్కచచ్చిపోయేది. బతిమాలీ, బుజ్జగించీ ఇప్పటికి గొంతు పెగిల్చింది. ఇంతలో ఈయనెవరో ఊడిపడి, పాప ఏదంటే దానికల్లా వేళ్ళు ఆడించడం, కళ్ళు పెద్దవి చేయడం, బుగ్గలు పూరించడం! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

అదృష్టం, వేదిక మీది దీపాల వెలుగుకి పాపకి వెనక వరస కనబడదు.

"పాప మాటలు ఒక్కసారి పూర్తిగా వింటే, రేపటికి..."

"రేపు మళ్ళీ కనబడ్డారంటే ఊరుకోను. ముందు బయటికి నడవండి!"

ఆయన మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు.

టీచరమ్మ వేదిక దగ్గరికి వచ్చింది.

"ఎవరో పనీపాటా లేని మనిషిలే. నువ్వు మళ్ళీ మొదలుపెట్టమ్మా. అయినా, వాన చప్పుడు గురించి రాయాలని ఎలా తోచిందే నీకు?"

"మా తమ్ముడు అడిగాడు టీచర్, ఎలా ఉంటుందని. రేపు వాడు ముందు వరసలో కూర్చుంటాడు. ప్రైజు రాకపోయినా ఫర్వాలేదు, వాడికి అర్థమైతే చాలు."

"ఎందుకర్థం కాదు? నువ్వు గట్టిగా చెప్పు, అంతే!"

మర్నాడు హాలు కిక్కిరిసిపోయింది. పాప వంతు రాబోతుండగా వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, నిన్నటాయన గేటు దగ్గర నిలబడి కదలనంటున్నాడు. హెడ్మాస్టరు గారిని పిలవమంటున్నాడు."

"ఆయనకి జడ్జీలతోనే ఊపిరాడట్లేదు. ఆ మనిషి గేటు దాటాడో, నీ సంగతి చెప్తా!"

పాప వేదికెక్కింది. మైకు ముందు నిలబడి పక్కకి చూసింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ పక్కకి చూసింది. పెదవి కదల్లేదు.

టీచరమ్మ వేదిక అంచుకి జరిగింది.

"చెప్పు తల్లీ, చెప్పు..." లోలోపలే గొణుక్కుంది.

పాప ముందు వరస వైపు చూసింది. గొంతు పెగిలింది. రేకుల మీద వాన టపటపలాడింది. ఆకుల మీద గుసగుసలాడింది. గొడుగు మీద దరువేసింది. ఎక్కడా తడబాటు లేదు.

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. మొదటి బహుమతి పాపదే.

టీచరమ్మ ఆనందం పట్టలేక పాపని గుండెలకి హత్తుకుంది. పాప వెక్కివెక్కి ఏడుస్తోంది.

"గెలిచి ఏడుస్తావేంటే, పిచ్చిపిల్లా?"

పాప ముందు వరస వైపు చూపించింది. తమ్ముడు చప్పట్లు కొట్టే వాళ్ళ చేతుల్ని వింతగా చూస్తూ కూర్చున్నాడు.

"వాడికి వినపడదు టీచర్."

టీచరమ్మ చేతులు సడలాయి.

"నా మాటలన్నీ వాడికి చేతులతో చెప్పే మాస్టారిని పిలిపిస్తానని హెడ్మాస్టరు గారు మాటిచ్చారు. ఎందుకో మరి, ఆయన రానేలేదు."